స్విచ్ వేసిన చెయ్యి

"స్విచ్ ఏసింది ఎవలు?"

కిషన్ రావు ఆ మాట అడగడం పొద్దుటి నుంచి అది నాలుగోసారి. పోశయ్య తల ఎత్తలేదు. భుజం మీది తువ్వాలును రెండు చేతులతో పిండుతూ నిలబడ్డాడు.

"నేను సూడలే సారు."

"సోమక్కను ఎనుకకు గుంజింది నువ్వే. స్విచ్ దిక్కు సూడలేదంటే నేను నమ్మాల్నా?"

మూడు రోజుల కిందట జరిగింది ప్రమాదం. ఎనుమాముల దగ్గర పాండురంగం సేటు జిన్నింగు మిల్లులో మూడో మిషను రోలరుకు పత్తి చుట్టుకుపోయింది. మోటారు ఆపించి, సోమక్క లోపల చెయ్యి పెట్టి పత్తి పీకుతుంటే గోదాము గుమ్మం పక్కనున్న స్విచ్ ఎవరో వేశారు. పోశయ్య లాగబట్టి చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం నలిగిపోయాయి. సోమక్క ఇంకా దవాఖానలోనే ఉంది.

గోదాములో పత్తి బేళ్లు చూస్తుండగా కేకలు వినిపించాయి. కిషన్ రావుకు గుర్తున్నది అదే. వచ్చి చూసేసరికి మిషను ముందు పత్తి ఎర్రగా తడిసి ఉంది.

అప్పుడు సేటు బొంబాయిలో ఉన్నాడు. ఈ పొద్దే రైలు దిగాడు. రెండింటికి మిల్లుకు వస్తానని కబురు పంపాడు. వచ్చీ రాగానే సూపర్‌వైజరైన తననే అడుగుతాడు. అడిగేసరికి చెప్పడానికి ఒక పేరుండాలి. రాత్రి షిఫ్టు చూసే సారంగపాణి దీపావళికి పని మానేసి పోయిన దగ్గర్నుంచి పగలూ రాత్రీ మిల్లులో ఏ మూల ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది కిషన్ రావు ఒక్కడే.

చిలుకమ్మను పిలిచాడు.

"సారూ, జర కూసోరాదు. మొఖమంత పీక్కపోయింది. బువ్వ తిన్నరా?"

"అడిగినదానికి చెప్పు."

"ఏమని చెప్పాలె సారూ..." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

యాకమ్మను అడిగాడు. వెంకట్రాజాన్ని అడిగాడు. అందరిదీ అదే వరస. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, నేల చూపులు చూడటం. వీళ్లంతా ఒక్కటయ్యారు. మధ్యలో తనను వెర్రివాణ్ణి చేస్తున్నారు. కణతలు పగిలిపోతున్నట్టున్నాయి.

గోడ గడియారం ఒకటిన్నర కొట్టింది.

"పేరు చెప్పకుంటే అందరిని పోలీసుల ముందట నిలబెడత! మిల్లుకు తాళం పడ్డా నాకు ఫికర్ లేదు!"

అరుపుకు పని ఆగిపోయింది. కాసేపటికి పోశయ్య ముందుకొచ్చాడు.

"నా పేరు చెప్పుండ్రి సారు."

"అంటే నువ్వే ఏసినవా?"

"నా పేరు చెప్పుమంటాన."

"పోశన్నా!" అంది చిలుకమ్మ. పోశయ్య చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

కిషన్ రావుకు ఊపిరి తిరిగినట్టయింది. పన్నెండేళ్లుగా ఒక్క మాట పడకుండా పని చేసిన మనిషి. ముగ్గురు పిల్లలు. అయినా ఏం చేస్తాడు? పేరు దొరికింది.

రెండింటికి సేటు రిక్షా దిగాడు. కిషన్ రావు పోశయ్యను రెక్క పట్టి ముందుకు తోశాడు.

"దొరికిండు సేటూ. ఒప్పుకున్నడు. పోలీసులకు అప్పజెప్పుదామా?"

సేటు పోశయ్యను చాలాసేపు చూశాడు.

"నువ్వా?"

పోశయ్య మళ్లీ తువ్వాలు పిండసాగాడు.

"స్టేషన్ల దిగి సీదా దవాఖానకే పోయిన," అన్నాడు సేటు. "సోమక్క అంత చెప్పింది. స్విచ్ ఏసిన మనిషిని పనిలకెల్లి తీసెయ్యద్దని, కట్టు కట్టిన చేతితోనే దండం పెట్టింది."

"అట్లెట్ల సేటూ? ఆమె వేళ్లు పోయినయి!"

"వేళ్లు పోయింది నా వల్ల. సోమక్క దవాఖాన ఖర్చు నాది, ఆమె బతుకు భారం నాది. రేపటి సంది మిల్లుల ఒక్కటే షిఫ్టు. స్విచ్ ఏసిన మనిషి నెల దినాలు ఇంటికాడనే ఉండాలె. కడుపునిండ తినాలె, కంటినిండ పండుకోవాలె. జీతం ఆగది. తిరిగొచ్చినంక అదే పని, అదే మర్యాద."

కిషన్ రావుకు ఒళ్లు మండిపోయింది.

"ఇది శిక్షనా, ఇనామా? ఇట్ల ఊకుంటే రేపు ఇంకొకడు చేస్తడు!" పోశయ్య వైపు తిరిగాడు. "ఇన్నవు కదా? ఇంక పో, ఇంటికి పో!"

పోశయ్య కదల్లేదు. చిలుకమ్మ ముఖం తిప్పుకుంది.

సేటు దగ్గరికొచ్చి కిషన్ రావు భుజం మీద చెయ్యి వేశాడు. తన ఒళ్లంతా వణుకుతోందని కిషన్ రావుకు అప్పుడే తెలిసింది.

"నిద్ర మత్తుల నీకు యాది లేదు గని, స్విచ్ ఏసింది నువ్వే, కిషన్ రావ్."