వేరుకు అంటిన మట్టి

చెంచమ్మ పాలకూర మొక్కను వేళ్ళతో సహా పైకి లాగేసింది. పెంచలకృష్ణకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"పెద్దమ్మా, దాన్ని కదిలించబాకు!"

అప్పటికే ఆలస్యమైపోయింది. వేరు మొదట్లో శనగగింజంత నల్లమట్టి అంటుకుని ఉంది. నీళ్ళ మీద తేలే థర్మాకోల్ పలకలకు బెజ్జాలు పెట్టి, మట్టి అన్నది ఎరగకుండా, ఒక్క చేపల తొట్టి నీళ్ళతోనే పెంచానని అరగంట నుంచి అతను ఊదరగొడుతున్నది ఈ మొక్కల గురించే.

చూసి నేర్చుకుందామని తోటపల్లి గూడూరు నుంచి పదిమంది రైతులు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. చెంచమ్మ ఒక్కతే ఇక్కడ ఉండిపోయింది. మిగతావాళ్ళు అవతల చేపల తొట్టి చుట్టూ మూగి, తిలాపియాలను చూసి చిన్నపిల్లల్లా సంబరపడుతున్నారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన సుకుమార్ మాత్రం నవ్వడం లేదు. ఫిల్టరు డ్రమ్ము దగ్గర నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు. బిట్రగుంటలో అందరికంటే ముందు ఈ సేద్యం మొదలుపెట్టిన మనిషి అతను. పెంచలకృష్ణకు గురువు.

చెంచమ్మ మట్టి వంక చూసింది. తర్వాత పెంచలకృష్ణ మొహం వంక చూసింది. నలభై ఏళ్ళుగా ఆకుకూరలు పండించి అమ్ముతున్న మనిషికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఆమె వంగి వేరును నీళ్ళల్లో ముంచి, రెండు వేళ్ళతో మట్టిని తుడిచేసి, మొక్కను మళ్ళీ దాని బెజ్జంలో కూర్చోబెట్టింది.

"వేర్లు ఎంత శుభ్రంగా ఉండాయి నాయనా!" అంది అవతలివాళ్ళకు వినబడేలా.

అందరి ముందూ చెంప పగలగొట్టి ఉన్నా అతనికి అంత సిగ్గనిపించేది కాదు.

అసలు తప్పు ఐదు రోజుల కిందట జరిగింది. నలుగురూ వస్తున్నారు కదా అని అతను తోటంతా కడిగించాడు. ఫిల్టరు డ్రమ్ములో గోధుమరంగు జిగురు కనబడింది. పదేళ్ళు రొయ్యల గుంటలు చేసిన చెయ్యి, శుభ్రం అనగానే బ్లీచింగ్ పౌడరు మీదికే పోయింది. డ్రమ్మును తళతళలాడేలా తోమి పంపు వేశాడు. చేపల మురికిని మొక్కలకు ఎరువుగా మార్చే సూక్ష్మజీవులన్నీ ఆ జిగురులోనే ఉంటాయని, దాన్ని ముట్టుకోవద్దని సుకుమార్ వందసార్లు చెప్పాడు. తోముతున్నప్పుడు ఒక్కసారి గుర్తొస్తే కదా! బ్లీచింగ్ నీళ్ళు మొక్కల తొట్టిలోకీ, చేపల తొట్టిలోకీ పోయాయి. రెండో రోజుకు వేర్లు కుళ్ళాయి, మూడో రోజుకు సగం చేపలు వెల్లకిలా తేలాయి. ఈ ఉదయం నెల్లూరు మార్కెట్టు నుంచి వేళ్ళతో ఉన్న పాలకూర మోపులు తెచ్చి, ఒక్కొక్కటే కడిగి బెజ్జాల్లో గుచ్చాడు. కంగారులో ఒకటి సరిగా కడగలేదు.

"కృష్ణా!" రైతుల్లోంచి హజరత్తయ్య పంచె ఎగగట్టుకుని వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. "ఇంక ఆలోచించేదేం లేదబ్బయా. రేపే మా కనకాంబరాల తోట పీకించేస్తా. అక్కడే తొట్లు కట్టిస్తా."

"తోట పీకేస్తే మీ కోడలు పూలమ్మేది ఎట్టా?" అంది చెంచమ్మ. "ఇల్లు గడిచేది దాంతోనే గదా?"

"పూలెవరికి కావాలమ్మే! ఈ పచ్చదనం చూడు. కళ్ళతో చూసినాక ఇంకేంది?"

చెంచమ్మ పెంచలకృష్ణ వైపు చూడనైనా లేదు. తన అబద్ధాన్ని ఆ ముసలామె కూడా మోస్తున్నదని అతనికి అర్థమైంది.

"పెద్దయ్యా, తోట పీకబాకు," అన్నాడు.

"ఏం?"

"ఇవి నా మొక్కలు కాదు. నావి చచ్చిపోయినాయి. ఇవి పొద్దున మార్కెట్లో కొనుక్కొచ్చి గుచ్చినాను."

అంతా ఒక్కసారి తలలు తిప్పారు. బ్లీచింగ్ సంగతీ, చచ్చిన చేపల సంగతీ అన్నీ చెప్పేశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది చూడను వ్యాను మాట్లాడుకొని రావాల్నా!" అని ఇంకెవరో విసుక్కున్నారు.

హజరత్తయ్య ఎగగట్టిన పంచె దించుకుని, అతన్ని ఎగాదిగా చూశాడు. పెంచలకృష్ణ చెవులు మండిపోతున్నాయి. భూమి చీలితే అందులోకి వెళ్ళిపోవాలనిపించింది. అయినా అన్నిటికంటే కష్టమైన పని ఇంకా మిగిలే ఉంది. అడుగులో అడుగు వేసుకుంటూ సుకుమార్ దగ్గరికి వెళ్ళాడు.

"నీ తోట చూసే కదన్నా నేను రొయ్యల గుంటలు పూడ్చి ఇది కట్టుకునింది. నీ పేరు చెప్పుకుని బతుకుతా నీకే తలవంపులు తెచ్చినాను. తిట్టన్నా, కొట్టు. పడతాను."

సుకుమార్ తిట్టలేదు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలోని డ్రమ్ము మూతను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ తిప్పి, చివరికి కింద పెట్టాడు. రైతులందరూ అతని నోటి వంకే చూస్తున్నారు.

"నువ్వు నా తోట చూడొచ్చిన రోజు," అన్నాడు తల ఎత్తకుండా, "నా పలకల్లో ఉన్నవి కూడా మార్కెట్లో కొన్న మొక్కలేరా పెంచలా."