గర్జన మీట

రోడ్ల మీద బండ్లన్నీ చప్పుడు మరిచి ఇరవై ఏళ్లయింది. హనుమకొండలో సులోచన దగ్గర మాత్రం, చనిపోయిన భర్త స్పోర్ట్స్ కారు ఇంకా పెట్రోలు తాగి గర్జించేది. ఆమె రోజూ పొద్దున్నే దాన్ని స్టార్ట్ చేసేది. పక్కింటి విమల వచ్చి కడుపునిండా తిట్టి, టీ తాగి వెళ్లేది. ఇంకెవరూ ఆ గడప తొక్కేవారు కాదు.

మున్సిపాలిటీ నోటీసు రావడంతో మెకానిక్ ఓదెలు సైలెన్సర్‌కు మీట బిగించాడు.

“కిందికి నొక్కితే పిల్లి లెక్క ఉంటది పెద్దమ్మా. పైకి లేపితే పాత మోతే. మళ్ల మోత వినబడితే బండి గుంజుకపోతరు.”

ఎనిమిది రోజులు కారు పిల్లిలాగే ఉంది. తలుపు తట్టినవారు లేరు.

తొమ్మిదో రోజు పొద్దున సులోచన ఇద్దరికి సరిపడా టీ పెట్టి, షెడ్డులోకి వెళ్లి, మీట పైకి లేపి కారు స్టార్ట్ చేసింది.

“ఏందే సులోచనా, మా చెవులు పోవాల్నా?” గోడ అవతల విమల గొంతు లేచింది. “ఆగు, వస్తున్న.”

సులోచన మీట దించి, వాకిలి గడియ తీసింది.