అమ్మకు రాని ఉత్తరాలు

చచ్చిపోయిన రచయిత చేత కొత్తగా ఉత్తరాలు రాయించాలన్న ఆలోచన పెయింటరుకి దుకాణంలో పనిలేక పేపరు తిరగేస్తున్నప్పుడు వచ్చింది.

అతను బోర్డులు రాసేవాడు. ఒకప్పుడు ఆ వీధిలో బట్టల షాపు నుంచి పళ్ల డాక్టరు దాకా ప్రతి గుమ్మం మీదా అతని అక్షరమే. మిషన్ల మీద ఫ్లెక్సీలు దిగడం మొదలయ్యాక కుంచెలు గట్టిపడిపోయాయి. ఇంట్లో భార్య మాట కూడా.

పేపర్లో ఉన్నది ఒక ప్రకటన. ఆ పెద్ద రచయిత జీవితకాలంలో రాసిన ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చి సంపుటంగా వేస్తున్నారట. ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చివ్వాలి. ఊరికే కాదు, తగిన ధర ఇస్తారు. పక్కనే మచ్చుకి, ఆయన దస్తూరీలో ఒక ఉత్తరం ఫొటో.

పెయింటరు పేపరు అంచు మీద సరదాగా నాలుగు ముక్కలు దించి చూశాడు. మామూలుగా ఎవరి దస్తూరీ అయినా చేతికి లొంగడానికి ఒక పూటైనా సతాయిస్తుంది. ఇది మాత్రం మొదటి వాక్యానికే పెంపుడు పిల్లిలా వచ్చి ఒళ్లో కూర్చుంది. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

ఇక మిగిలింది, ఉత్తరాలు ఎవరికి రాయించాలన్నది. బతికున్నవాళ్లతో పేచీ, నోరు విప్పుతారు. అతనికి అమ్మ గుర్తొచ్చింది. వయసులో ఉండగా ఆవిడ ఒక వారపత్రికలో టైపిస్టు. ఈయనగారి సీరియల్ వచ్చింది అందులోనే. ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి కుట్టుమిషను కొనుక్కుంది. ఆవిడ పోయి చాలాకాలమైంది. అభ్యంతరం చెప్పడానికి నాన్న కూడా లేడు. నువ్వు కడుపులో ఉండగానే పోయాడని చెప్పేది అమ్మ. అంతకుమించి ఆ ఊసు ఎత్తనిచ్చేది కాదు.

అమ్మ పెట్టె అడుగున పత్రిక ఆఫీసు తెల్లకాగితాలు ఇంకా ఉన్నాయి. వాటంతటవే పసుపెక్కి పనికి సిద్ధంగా ఉన్నాయి.

"ఇదేం పాడు పని?" అంది భార్య. "అత్తయ్య ఉంటే చీపురు తిరగేసేది."

"ఉంటే ఆవిడకెందుకు రాయిస్తాను?" అన్నాడు పెయింటరు పెన్నులో సిరా నింపుతూ.

మొదటి విడత ఉత్తరాలు మర్యాదగా నడిచాయి. 'మీరు టైపు చేశాక నా వాక్యం నాకే నచ్చింది' లాంటివి. సంపుటం పని చూస్తున్న సంపాదకుడు బక్కపల్చటి మనిషి. నవ్వితే ఎవరో పన్ను వేస్తారన్నట్టుంటాడు. భూతద్దం పెట్టి ప్రతి కొమ్మూ ప్రతి వట్రసుడీ చూశాడు.

"ఆయన చెయ్యే" అన్నాడు. "ఇంకా ఉన్నాయా?"

ఎందుకుండవు?

రెండో విడతలో పెయింటరు కాస్త చనువు కలిపాడు. 'మీరు సెలవు పెట్టిన రోజు ఆఫీసుకు రావడం శుద్ధ దండగ' అని రాశాక కలం ఆగిపోయింది. గోడ మీద ఫొటోలో అమ్మ ఎప్పటిలాగే నవ్వకుండా చూస్తోంది. మిషను తొక్కి తొక్కి మోకాళ్లు అరగదీసుకుని తనని పెంచిన మనిషి. ఆ పూటకి కలానికి మూత పెట్టేశాడు. కానీ మర్నాడు కూతురు విరిగిన కళ్లద్దాలకి దారం చుట్టుకుని బడికి వెళ్లింది. కలం మళ్లీ కదిలింది.

ఆ కట్ట చేరిన వారానికి సంపాదకుడు ఒకసారి రమ్మని కబురు పెట్టాడు.

పెయింటరు లోపలికి వెళ్లగానే సంపాదకుడు లేచి తలుపు గడియ వేశాడు. గదిలో మూల కుర్చీలో తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు కూర్చుని ఉన్నారు.

"రచయితగారి చెల్లెలు" అన్నాడు సంపాదకుడు.

పెయింటరు దణ్ణం పెట్టి ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ అతని మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయింది. దొంగని గుర్తుపట్టమంటే సాక్షులు అలాగే చూస్తారు కాబోలు అనుకున్నాడతను. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"మీరు తెచ్చినవన్నీ దొంగవి" అన్నాడు సంపాదకుడు, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా.

"ఆయన చెయ్యేనని మీరేగా అన్నారు?"

"ఇప్పటికీ అంటాను. తప్పు దస్తూరీలో లేదు." సొరుగులోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి ఈవిడ దాచి ఉంచారు. మీవి చూపిస్తే బయటికి తీశారు."

అన్నీ కవర్లు. అన్నీ అమ్మ పేరుకే. ఒక్కటీ చించలేదు. ప్రతిదాని మీదా అడ్డంగా, అమ్మ చేతిరాతలో ఒకే మాట: 'వద్దు.'

"ఆయన రాస్తూనే ఉన్నారు, మీ అమ్మగారు తిప్పికొడుతూనే ఉన్నారు. ఒక్క ఉత్తరమూ గడప దాటనివ్వని మనిషి పెట్టెలో అన్ని ఎలా దొరుకుతాయండీ? అక్కడ దొరికిపోయారు."

పెయింటరు లేచి నిలబడ్డాడు. సిరా మరకల చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాది తప్పే. పోలీసుల్ని పిలవండి, మారుమాట్లాడకుండా వెళ్తాను. మా అమ్మ పేరు మాత్రం బయటికి రానివ్వకండి. ఆవిడ ఏ పాపం ఎరగదు."

"పిలుద్దామనే నేనూ అన్నాను" అన్నాడు సంపాదకుడు. "ఈవిడే పిలవనివ్వలేదు."

"ఎందుకమ్మా?" అన్నాడు పెయింటరు, ఏమీ అర్థంకాక.

పెద్దావిడ అప్పటికి అతని మొహం మీంచి చూపు తీసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సొంత మేనల్లుణ్ణి పోలీసులకి పట్టిస్తే, ఇక నేనేం మేనత్తనురా!"