అబ్బులుకి తగ్గిందట

ఆ మనిషి మొదటిసారి వచ్చింది సోమవారం పొద్దున.

ఏలూరులో ఆ పత్రిక ఆఫీసుకి రోజూ పదిమంది వస్తారు. తొమ్మిదిమంది తమ ఫోటో ఎప్పుడు వేస్తారని అడగడానికే. ఈయన మాత్రం నిన్నటి పేపరు మడతపెట్టి చంకలో పెట్టుకొచ్చాడు.

"ఆరోగ్యం పేజీ రాసే బ్లెస్సీ గారంటే మీరేనాండీ?"

అవునంది బ్లెస్సీ.

పేపరు విప్పి బల్ల మీద పరిచాడు. ఆమె రాసిన వార్తే. కలిదిండి దగ్గర చేపల చెరువుల రైతు బాపిరాజు ఒక ఆకు పసరు కనిపెట్టారు. అది తాగి ఆయన చెరువు కాపలా మనిషి అబ్బులుకి పన్నెండేళ్ల షుగర్ పోయింది, ఇన్సులిన్ మానేసి రాయిలా ఉన్నాడు. ఇదీ సంగతి. ఆ ఒక్క వార్తకి వచ్చినన్ని ఫోన్లు బ్లెస్సీకి ఆరేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

"ఈ అబ్బులుని మీరు చూశారాండీ?"

"ఫోన్లో మాట్లాడాను."

"ఎవరి ఫోన్లోనండీ?"

ఇదేం ప్రశ్న? చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషికి ఏ కబురైనా రైతు ఫోనుకే చేస్తారు. ఆ చెరువుల మీద అందరిదీ అదే అలవాటు. బాపిరాజుకి చేస్తే ఆయనే ఫోను అబ్బులు చేతికిచ్చారు. తగ్గిందా అంటే తగ్గిందండీ అన్నాడు. సూది మానేశారా అంటే మానేశానండీ అన్నాడు. ఆ రెండు ముక్కల్నే సాగదీసి ఆవిడ సగం పేజీ నింపింది.

"ఆయన ఆ మాట చెప్పేటప్పుడు పక్కన ఎవరున్నారో అడిగారాండీ?"

బ్లెస్సీకి విసుగొచ్చింది. వార్త తప్పంటారా అని నిలదీసింది. తప్పనలేదు. ఒప్పనీ అనలేదు. ఒకసారి వెళ్లి చూసి రాయండమ్మా, అంతే, అన్నాడు. పేరడిగితే పేరెందుకులెండి అన్నాడు. మంచినీళ్లడిగి, రెండు గ్లాసులు తాగి వెళ్లిపోయాడు.

ఇంతకీ ఆయన ఏం చెప్పడానికి వచ్చినట్టు? ఎంత ఆలోచించినా ఆమెకి అర్థం కాలేదు. నిజానికి రాసేముందు తణుకులో ఒక డాక్టరునీ అడిగింది. మనిషిని చూడకుండా ఏమీ చెప్పలేను, సూది మాత్రం ఎవరూ మానకూడదు అన్నాడాయన. ఆ వాక్యం పేజీలో చోటు చాలక ఎగిరిపోయింది.

అనుమానం తీరక సాయంత్రం ఫోన్ చేసింది. ఎవరికి? బాపిరాజుకే. వార్త చెప్పిన మనిషినే అది నిజమేనా అని అడుగుతున్నానని ఆ పిల్లకి తట్టలేదు.

ఆయన హాయిగా నవ్వారు. అబ్బులు భేషుగ్గా ఉన్నాడన్నారు. ఈ ఆకు జనంలోకి వెళ్తే మందుల షాపులు మూతపడతాయి కదండీ, మనుషుల్ని పంపుతారు మరి, అన్నారు.

అదీ నిజమేననిపించింది.

గురువారం ఆ మనిషి మళ్లీ వచ్చాడు. నాలుగు రోజుల్లోనే బాగా చిక్కిపోయాడు. పేపరు చూసి తమ చుట్టుపక్కలే నలుగురు సూది మానేశారని, వాళ్లకేమైనా అయితే ఆ పాపం ఎవరిదని అడిగాడు.

"మీరు ఏ మందుల షాపు తరఫునండీ?" అంది బ్లెస్సీ.

ఆయన ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

పై సోమవారం మూడోసారి వచ్చాడు. లోపలికి రానివ్వద్దని ఆమె ముందే గేటు దగ్గర చెప్పి ఉంచింది. గంటసేపు ఎండలో నిలబడ్డాడట. ఈసారి పేరు కూడా చెబుతానన్నాడట. సరేలే అనుకుని బ్లెస్సీ తన పనిలో పడింది.

ఆ ఆదివారం ఆమె తాడేపల్లిగూడెంలో ఉన్న తల్లి ఎలిజబెత్ దగ్గరికి వెళ్లింది. ఆవిడ చర్చికి కూడా వెళ్లకుండా మంచం మీద ఉంది. నాలుక పిడచకట్టుకుపోయింది. మిషన్ పెట్టి చూస్తే షుగర్ నాలుగు వందల ఇరవై.

"సూది వేసుకోవట్లేదా అమ్మా?"

"మానేశానే. రెండు వారాలైంది."

"ఎవరు మానమన్నారు?"

"పేపర్లో వార్త కింద నీ పేరుంది కదే."

బ్లెస్సీకి ఏడుపు ఆగలేదు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి తల్లి తేరుకుంది. కానీ అక్కడ బెంచీ మీద కూర్చున్నంతసేపూ కూతురికి ఒకటే గందరగోళం. మరి అబ్బులుకి ఎలా తగ్గింది? బాపిరాజు చెప్పింది నిజమా, ఆ షాపుల మనిషి చెప్పింది నిజమా? అసలు ఆ మనిషి షాపుల తరఫున వచ్చాడన్నది ఎవరు చెప్పారు?

తెల్లారి కలిదిండి బస్సెక్కింది. ఈసారి బాపిరాజుకి ఫోన్ చేయలేదు. అబ్బులుని కళ్లారా చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి, తప్పయితే తప్పని ఒప్పుకోవాలనుకుంది.

చెరువు గట్టు మీద కాపలా పాకలో అబ్బులు భార్య ఒక్కతే ఉంది. ఆయన ఏరండీ అని అడిగింది బ్లెస్సీ.

"మొన్న బుధవారం పోయారండీ."

ఆవిడే నెమ్మదిగా చెప్పింది. సూది మానకపోతే పాక ఖాళీ చెయ్యమన్నారట రాజుగారు. తగ్గిందని చెప్పమని ఫోను చేతికిచ్చి పక్కనే నిలబడ్డారట. పేపర్లో పడ్డాక అబ్బులుకి కంటిమీద కునుకు లేదట. మళ్లీ సూది మొదలుపెట్టేసరికే ఒళ్లు చెడిపోయింది.

"నా మాట నమ్మి ఎవరైనా చచ్చిపోతారేమోనే అనేవారండీ."

ఇవన్నీ పేపర్లో రాస్తాను, ఆయన ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది బ్లెస్సీ. ఆవిడ పెట్టె తెరిచి ఆధార్ కార్డు తెచ్చి ఇచ్చింది.

ఒకసారి వెళ్లి చూసి రాయండమ్మా అని తనని బతిమాలింది అబ్బులే.