హైమవతి పరిశోధన ప్రకారం

నల్లమలలో గడ్డలు తవ్వుకుందామని చెంచు ఈదమ్మ పలుగు పట్టుకుని కదిలిందో లేదో, కాపలా డ్రోన్ రోజూలాగే అడ్డం దిగింది.

"డాక్టర్ హైమవతి పరిశోధన ప్రకారం మనుషులు తిరిగితే అడవి చస్తుంది. వెనక్కి పోండి."

ఈదమ్మను చూడ్డానికొచ్చిన ముసలి హైమవతి మండిపడింది. "నేనే హైమవతిని! ఆ మాట తప్పు అని పదేళ్ల కిందటే రాశాను!"

"మీరూ మనుషులే. వెనక్కి పోండి."

హైమవతి రాయి అందుకుంది. ఈదమ్మ ఆ చెయ్యి ఒడిసి పట్టింది. నలభై ఏళ్ల కిందట ఆ పరిశోధన కోసం ఆ చేతికి కొలత టేపు అందిస్తూ ప్రతి చెట్టుకీ పేరు చెప్పింది తనే.

"దాన్నెందుకు కొడతావమ్మా? నువ్వు నేర్పిందే వాగుతోంది. చీమల్ని రాశావు, చిరుతల్ని రాశావు. ఈ అడవిలో మేమూ ఉన్నామని రాయడానికి అప్పుడు నీకు చేతులు రాలేదా?"