ఆరు దినాల ప్రసంగం

“పేరు కొట్టేసిన మనిషికి మన సమాధుల తోటలో చోటెలా ఇస్తామమ్మా?” అంటూ సంఘపెద్ద చర్చి రిజిస్టరును ఆమె వైపు తిప్పాడు.

తండ్రి పేరు మీద ఎర్రసిరా గీత. గీసి పదకొండేళ్ళయింది. మాస్టారి కూతురు ఆ గీతను చూడ్డానికి రాలేదు. ఇంట్లో తండ్రి శవం ఐసు మీద ఉంది. నాలుగింటికల్లా మట్టి చెయ్యాలి. అమ్మ సమాధి పక్కన ఆరడుగుల నేల కోసం వచ్చిందామె. బతికుండగా ఆయన కోరుకున్నది అదొక్కటే.

“అమ్మ పక్కన ఖాళీ ఉంది పెద్దయ్యా. నాన్న అప్పుడే చూసిపెట్టుకున్నారు.”

“చూసిపెట్టుకుంటే సరా? చేసిన పని గుర్తుండక్కర్లేదా?”

గుర్తులేకేం! చర్చి బడిలో ఏటా ఒక తంతు ఉండేది. బడి తెరిచే ముందురోజు టీచర్లంతా కూర్చుని, సైన్సు పుస్తకాల్లో జీవపరిణామం పాఠం ఉన్న పేజీలన్నీ కలిపి పిన్నులు కొట్టేసేవారు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే పిల్లల తలరాత. పాతికేళ్ళు మాస్టారూ కొట్టారు. ఒక ఏడాది ఓ పిల్ల లేచి, “ఇందులో ఏముంది సార్? దేవుడు చూడకూడనిదా?” అని అడిగింది. మాస్టారు ఏమనుకున్నారో ఏమో, ఒక్కో పిన్నూ గోటితో పీకించి పాఠం చెప్పేశారు. మర్నాటికల్లా ఆయన కోతి మాస్టారైపోయారు. ఆ ఆదివారమే ఎర్రగీత పడింది.

“నాన్న దేవుణ్ణి కాదనలేదు. దేవుడే చేశాడు, తీరిగ్గా చేశాడు అన్నారు. అంతే కదా!”

“తీరిగ్గానా? సృష్టికి ఆరు దినాలని గ్రంథంలో ఉంటే మధ్యలో ఈ తీరికెక్కణ్ణుంచి వచ్చింది? మనిషిని దేవుడు తన పోలికలో చేశాడా, కోతి పోలికలోనా?” సంఘపెద్దకి ఇనుప సామాన్ల కొట్టుంది. ఏ మాటైనా తూకం వేసి బల్ల మీద పడేసినట్టే అంటాడు. “మన పాస్టరయ్యగారి ఆరు దినాల ప్రసంగం వింటే రాళ్ళు కూడా కరుగుతాయి. పై ఊళ్ళవాళ్ళు అచ్చేయించి పంచుకున్నారు. మీ నాన్న ముందు బెంచీలో కూర్చుని మరీ విన్నాడు. మారాడా? పైగా నవ్వుకున్నాడు. నేను చూశాను!”

సంఘపెద్ద కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పాడు. “‘మట్టిని చేతికి తీసుకున్నప్పుడు దేవునికి తొందర లేదు. తొందర చావు ఉన్నవాళ్ళకే. ఆ మట్టిని ఆయన ఎంతసేపు పట్టుకున్నాడని అడక్కు. వదిలిపెట్టలేదు, అది చాలు.’ విన్నావా? మనిషన్నవాడికి ఇంతకంటే ఏం చెప్పాలి?”

ఆమె బల్ల చివర కూర్చున్న పాస్టరు వైపు చూసింది. ఆయన బల్లగుడ్డ అంచును వేలికి చుట్టుకుంటున్నాడు.

“అయ్యగారు చెయ్యని ప్రయత్నమంటూ ఉందా?” సంఘపెద్ద ఆగలేదు. “ప్రతి శనివారం మీ ఇంటికొచ్చి రెండేసి గంటలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. పేరు కొట్టేశాక కూడా మానలేదు. ఆయన మంచం పట్టాక కూడా మానలేదు. అంత ఓపిక ఎవరికుంటుంది? ఏమంటారయ్యగారూ?”

పాస్టరు నీళ్ళు నమిలాడు. “ఆయన... మంచి మనిషే.”

“మంచితనం సంగతి ఎవరడిగారండీ!”

మాస్టారి కూతురు లేచి పాస్టరు ముందుకెళ్ళి నిలబడింది. పొద్దున తండ్రి ఆఖరి ఘడియలో ఆమె చెయ్యి పట్టుకుని, “చోటివ్వకపోతే పోనీ, నలుగురిలో అయ్యగారిని మాత్రం నొప్పించకు” అని మాట తీసుకున్నారు. ఎందుకిచ్చానురా దేవుడా ఆ మాట, అనిపించింది ఆమెకిప్పుడు.

“నాన్న ఎలాంటి విశ్వాసో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదయ్యగారూ. మీరొక్క మాట చెప్పండి. ఒక్కటే.”

పాస్టరు నోరు తెరిచాడు. ఆమెకి ఆశ పుట్టింది. ఆయన సంఘపెద్ద మొహం చూసి మళ్ళీ నోరు మూసుకున్నాడు.

“కమిటీ మాటే నా మాటమ్మా” అన్నాడు చివరికి.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిందాన్ని మింగేసి, “వందనాలు” అని బయటికొచ్చేసింది.

ఊరి చివర మున్సిపాలిటీ శ్మశానంలో, చెత్త లారీలు తిరిగే గోడ పక్కన గొయ్యి దొరికింది. అమ్మ ఊరికి ఆ చివర, నాన్న ఈ చివర. అన్నేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి కోసం ఒక్క శిష్యుడూ రాలేదు. వ్యాను డ్రైవరు పెట్టె దించడానికి ఓ చెయ్యేసి, వేరే పనుందని వెళ్ళిపోయాడు. ఆమె, గొయ్యి తవ్విన ముసలాయన మిగిలారు.

“పాస్టరుగారు రారా అమ్మా?”

“రారు.”

“అయ్యో, అలా ఊరకే పంపించేస్తారా మనిషిని! నేను మీ మతంవాణ్ణి కాదు గానీ, ఒక మంచి మాటైనా అనాలి కదా. నీకొచ్చిందేదో చెప్పు తల్లీ.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. చేతిలో పుస్తకం లేదు, కాగితం లేదు. “మట్టిని చేతికి తీసుకున్నప్పుడు దేవునికి తొందర లేదు...” అని మొదలుపెట్టింది. సంఘపెద్ద ఆపిన చోట ఆగకుండా, ఎక్కడా తడుముకోకుండా ఆ ప్రసంగం కడదాకా చెప్పింది. “తీసుకున్న మట్టిని తిరిగి ఆయన చేతికే ఇస్తున్నాం. ఇప్పుడూ ఆయనకు తొందర లేదు” అని ముగించింది.

ముసలాయన పార గోడకి ఆనించాడు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

“ఎంత బాగా చెప్పావమ్మా! ఎవరు రాశారు ఈ మాటలు?”

ఆమె వేలితో గోతిలోకి చూపించింది.