గుండ్రటి చేతిరాత

మిన్‌స్క్ జైలు కిటికీ ముందు వరసలో నాకిది మూడో రోజు. చేతిలో పొట్లం, అందులో మేజోళ్లు, ఎన్నికల తర్వాత నిరసన ఊరేగింపులో పట్టుబడ్డ నా మనవరాలు అలేసియా పీల్చుకునే ఉబ్బసం మందు. అది అందకపోతే పిల్ల ఊపిరాడక నీలంగా మారిపోతుంది. లోపల ఒక్కో గదిలో నలభై మందిని కుక్కారట.

పొట్లం మీద నేను రాసిన పేరును వరసలో నా వెనకున్న గాలీనా మెచ్చుకుంది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల.

"ఇంకా అచ్చుగుద్దినట్టే రాస్తున్నారు టీచర్ గారూ. నాది కోడి కెలికినట్టే ఉండిపోయింది."

"కోడే నయం, తప్పులు రాయదు."

నవ్వి, కిటికీ వైపు చూసింది. "మావాడూ లోపలే ఉన్నాడు. ప్రెసిడెంటు గెలిచాడని దొంగలెక్క రాసినవాళ్ల చేతులు పడిపోను."

"పడిపోను," అన్నాను.

లోపలికెళ్లిన పొట్లాన్ని పావుగంటకి కాపలావాడు తిరిగి తెచ్చాడు.

"పైన రాత చూసి మీ పిల్ల వద్దంది బామ్మగారూ. మందు కూడా వద్దట."

"ఊపిరాడుతోందా దానికి?"

"మిమ్మల్ని తిట్టేంత ఆడుతోంది. ఐదు నిమిషాల్లో కిటికీ మూసేస్తారు."

గాలీనా నావైపు తిరిగింది. "మీ రాత చూసి వద్దనడమేంటి?"

మా బడిలో ఓట్లు లెక్కపెట్టేది టీచర్లమే. పెట్టెలో ఉన్న ఓట్లు వేరు, హెడ్మాస్టరు చెప్పిన అంకెలు వేరు. ఆయన చెప్పినవే నా గుండ్రటి చేతిరాతతో రాసి బడి తలుపుకి అంటించాను. వీధంతా ఆ కాగితాన్ని ఫొటో తీసుకుంది, అందరికంటే ముందు అలేసియా.

పొట్లానికి కొత్త కాగితం చుట్టి గాలీనా చేతికిచ్చాను.

"పేరు నువ్వు రాయమ్మా. కోడి కెలికినట్టే రాయి."